వరుస

బతూమిలో వాన పట్టుకుందంటే వారం వదలదు.
బూట్లు బాగుచేసే జుంబేర్ కొట్టు పైన, మూడో అంతస్తులో
మా సర్వర్లు. ఆ వెచ్చదనానికి
జుంబేర్ పిల్లి మెట్లెక్కి వచ్చి పడుకుంటుంది.
రాత్రి కాపలా దానిదీ నాదీ.
కిటికీ అవతల నల్లసముద్రం, పేరుకు తగ్గట్టే.

నా పని చెబితే మా అత్త నవ్వుతుంది:
ఏ ఛానెల్ ఎవరిదో రాసిపెట్టడం.
పట్టికలో ఒక వరుస, ఒక ఛానెల్.
పేరు, పుట్టిన తేదీ, తాళంచెవి.
లైవ్‌లో ఉందా? అవును, కాదు, అంతే;
"ఉన్నట్టే ఉంది" అనడానికి గడి లేదు.
ఇక యజమాని. ఒక్కరే.
ఖాళీగా వదలడానికి వీల్లేదు.

నాలుగువేల నాలుగువందల పదిహేడో వరుసలో
ముగ్గురున్నారు.
గూరియా కొండల్లోని అన్నదమ్ములు.
అంజోర్‌ది కింది గొంతు, ఓతియాది నడిమిది,
పైన బెజాన్, జాము ముందే లేచిన కోడిపుంజు.
యజమాని గడిలో మాత్రం అంజోర్.
పెద్దవాడని కాదు,
ఆ రోజు ఈమెయిల్ ఉన్నది అతనికొక్కడికే.

హేజెల్ తోట పంచుకుంటుంటే
గట్టు దగ్గర మాట తేడా వచ్చిందట.
గట్టు సంగతి నాకు తెలీదు, ఉత్తరాలు తెలుసు.
ఓతియా రాశాడు: నా పేరుకి మార్చండి, మైకులు కొన్నది నేను.
బెజాన్ రాశాడు: తీసెయ్యండి.
మర్నాడు మళ్లీ: ఇంకా తీయలేదేం?
అంజోర్ ఏమీ రాయలేదు.

మా ఎతేరి ఒక్క ముక్కలో తేల్చింది:
"వాడకంలో లేనివన్నీ ఆదివారం ఊడుస్తాంగా, దాంట్లో పోతుంది."
ఊడ్చే ప్రోగ్రాం రాసింది నేనే.
ముప్పై రోజులు చప్పుడు లేకపోతే చచ్చినట్టు లెక్క.

జాబితా తీశాను. మూడువందల పన్నెండు.
ఒక్క పెళ్లి చూపించి మాయమైన ఫోటోగ్రాఫర్.
చదరంగం నేర్పుతానని
పావులు సర్దడం దగ్గరే ఆగిపోయిన కుర్రాడు.
వీళ్ల మధ్య ఈ ముగ్గురు.
వాళ్ల లైవ్ గడిలో మాత్రం "అవును",
రాత్రి రెండింటి నుంచి.
కరెంటు పోయొస్తే ఒక్కోసారి అలా ఇరుక్కుంటుంది.
"కాదు" అని దిద్దబోయి
ఎందుకో హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను.

ముందు ఏమీ లేదు. పాత ఫ్రిజ్ మోత లాంటిది.
పిల్లి ఒక చెవి తిప్పింది.
అంజోర్. ఒక్కడే.
మాట లేదు, ఎత్తడం లేదు,
శ్రుతి పెట్టె తెరిచి కూర్చున్నట్టు
ఒకే నేల పరుస్తున్నాడు, మీద నడిచేవాళ్లు లేకుండా.
ఊపిరికి ఆగి, మళ్లీ అదే చోట.
నా వడపోత దాన్ని ఫ్యాను చప్పుడనుకుంది.
నెల రోజులుగా ప్రతి రాత్రీ
అతను పాడాడు,
నిశ్శబ్దమని నేను రాసుకున్నాను.

ఎవరూ చెప్పని పని చేశానప్పుడు.
పక్కన ఇంకో పట్టిక కట్టాను, బక్కది, మూడే గడులు:
ఏ ఛానెల్, ఏ మనిషి, ఏ గొంతు.
అంజోర్, కింది. ఎక్కింది.
ఓతియా, నడిమి. ఎక్కింది.
బెజాన్, పై. తిప్పికొట్టింది.
బుధవారమే తన ఖాతా తానే చెరిపేసుకున్నాడు;
లేని మనిషిని చూపే వరుస చెల్లదంది డేటాబేస్.
ఆ నియమం పెట్టిందీ నేనే.
అన్న వరుస, తమ్ముడి వరుస, పాట వరుస
దానికేం తెలుసు.

చప్పుడు హద్దు కాస్త కిందికి దించాను.
ఆదివారం పోయినవి మూడువందల పదకొండు.
ఎతేరి లెక్కపెట్టలేదు.
ఓతియాకి వేరే తాళంచెవి పంపి
కింద రాశాను: రాత్రి రెండింటికి.
జవాబు లేదు. తాళం తీసిన గుర్తూ లేదు.

మంగళవారం, చూసేవాళ్లు ఒకరు.
అది నేనే, నన్ను తీసెయ్యాలి.
రెండూ పదికి ఆ అంకె రెండయింది.
ఖాతా లేదు, పేరు లేదు, గూరియా వైపు నుంచి ఎవరో అతిథి.
రాసుకోవడానికి నా దగ్గర గడి లేదు.
ఎవరో నిజంగా తెలీదు.
ఫ్యాను చప్పుడు వినడానికైతే
ఎవరూ నలభై నిమిషాలు కూర్చోరు.